గురువారం వచ్చే అబ్బాయి

పిచ్చుకా,

నువ్వు పంపిస్తానన్న నర్సమ్మ రాలేదు. ఈ ముక్క ముందే రాస్తున్నాను. ఆరోగ్య కేంద్రం వాళ్ళని అంత బతిమాలి ఏర్పాటు చేశావు కదా, నేనే రావద్దన్నాననుకుంటావని. నేను అనలేదు. గురువారం పొద్దున్నే ఇల్లు తుడిచి, ఉతికిన దుప్పటి పరిచి, మంచం మీద పడుకుని ఎదురుచూశాను. నాకు రోగమేమీ లేదనుకో. అయినా నర్సు వస్తుంటే లేచి తిరగడం మర్యాద కాదు కదా.

ఆవిడ రాలేదు గానీ ఒక అబ్బాయి వచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి. చక్కగా దువ్వుకున్న మీసం. గుమ్మంలో బూట్లు తుడుచుకుని, "నర్సునండీ అమ్మా, ఆరోగ్య కేంద్రం నుంచి" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఇంత వయసొచ్చింది, మీసాలున్న నర్సుని నేనెక్కడా చూడలేదు. పాపం అసలు సంగతి చెప్పడానికి సిగ్గుపడుతున్నాడని, "సరేలే బాబూ, కూర్చో" అన్నాను.

ఇక మొదలు పెట్టాడు ప్రశ్నలు. ఏం తింటారు, నిద్ర పడుతుందా, పగలంతా ఎవరితో మాట్లాడతారు, జారి పడితే పలికేదెవరు, కోడలుగారు ఎప్పుడెప్పుడు వస్తారు. ఆ ఆఖరి ప్రశ్న అడిగేటప్పుడు తల దించుకున్నాడు. రాసుకోవడానికేనంటాడు. నేను చూస్తూనే ఉన్నాను.

తర్వాత గదులన్నీ తిరిగాడు. స్నానాల గది గోడ వేళ్ళతో కొట్టి విన్నాడు. గడప ఎత్తు టేపు పెట్టి కొలిచాడు. నేల మీద నా చిన్న చాపలన్నీ చుట్టి అటకెక్కించాడు, "ఇవి కాళ్ళకి అడ్డం పడతాయమ్మా" అని. ఎవరి కాళ్ళకి అని నేను అడగలేదు.

పిచ్చుకా, పరాయి మనిషి వచ్చి ఇల్లు కొలిచాడంటే ఆ ఇంట్లోకి రావాలనే కదా అర్థం. నీకేమైనా తెలిస్తే రాయి. ఫోను మాత్రం చెయ్యకు. నా కొడుకు పోయిన కబురు ఆ ఫోనులోనే వచ్చింది. అప్పట్నుంచి అది మోగితే నా చెవులు పనిచెయ్యవు. నావి కోడిగీతలైనా నువ్వు చదవగలవు, రాస్తూ ఉంటాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. వెళ్ళబోతూ, "మూడు మాటలు చెబుతాను, మళ్ళీ వారం అడుగుతాను" అన్నాడు. చెంచా, గొడుగు, రైలు. చెంచా అంటే సంసారం. గొడుగంటే తోడు. రైలంటే నువ్వుండే ఊరు. ఇంతకన్నా విడమరిచి ఎవరు చెబుతారు?

*

అత్తయ్యకి నమస్కారాలు.

ఆ వచ్చినాయనే నర్సు. మగవాళ్ళలోనూ నర్సులుంటారు. మా సీసాల ఫ్యాక్టరీ వైద్యశాలలో ఒకాయన ఉన్నాడు, మీసం చీపురంత ఉంటుంది, చెయ్యి మాత్రం దూది.

మీరు మంచం ఎక్కకండి. ఆయన రోగం వచ్చాక చూసే నర్సు కాదు, రాకుండా చూసే నర్సు. పెద్దవాళ్ళు జారి పడకుండా, తిండి మానకుండా, రోజంతా గోడలతో మాట్లాడకుండా చూడటం ఆయన ఉద్యోగం. స్నానాల గది గోడ కొట్టింది, మీరు పట్టుకోవడానికి కడ్డీ బిగించాలని. చాపలు తీయించింది, మీ కాళ్ళకే అడ్డం పడతాయని. ఆ మూడు మాటలు మీ జ్ఞాపకశక్తి చూడటానికి. వాటిలో సంసారమేమీ లేదు.

ఆయన ఏం చెబితే అది చెయ్యండి. ఆయన మీద నాకు పూర్తిగా నమ్మకం ఉంది. ఇక్కడ నేను రోజంతా సీసాలు వెలుతురుకి పట్టి పగుళ్ళు వెతుకుతుంటాను, మనసంతా మీ దగ్గరే ఉంటుంది. మీరు బాగుంటేనే నేను బాగుంటాను.

మీ పిచ్చుక

తా.క. గోడలతో మాట్లాడుతున్న సంగతి నాకు చెప్పింది కింది వాటా దర్జీగారు. ఆయన్ని తిట్టకండి. మీరు గోడలతో మాట్లాడితే ఆయనకి జవాబు చెప్పాలనిపిస్తోందట.

*

పిచ్చుకా,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నర్సు. సరే. నువ్వు నర్సంటే నర్సే. నేను ఎవరి దగ్గరా నోరు జారను. దర్జీ అన్నయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మొన్న గురువారం అతను నా చేతులు గుండెల మీద కట్టించి, కుర్చీలోంచి లేచి కూర్చోమన్నాడు. అలా లేవడం, కూర్చోవడం, అతను గడియారం చూసుకుంటూ లెక్కపెట్టడం. సగంలోనే నా పని అయిపోయింది. "పరవాలేదమ్మా, కాళ్ళకి బలం రావాలి, రోజూ చెయ్యండి" అన్నాడు. అప్పట్నుంచి పొయ్యి మీద అన్నం ఉడికేదాకా లేస్తున్నాను, కూర్చుంటున్నాను. ముసలిది ఎవరికీ బరువు కాకూడదు కదా. తర్వాత నా గిన్నెల మూతలు తీసి చూశాడు. ఏముంటుంది, పొద్దుటి టీ, దాంట్లోకి రొట్టె. "మీరు తింటున్నారని మీ కోడలుగారు అనుకుంటున్నారు" అన్నాడు మెల్లగా. ఆ మాట దెబ్బలా తగిలింది. ఇప్పుడు రోజుకో గుడ్డు, ఒక గ్లాసు పాలు, చారెడు గింజలు తింటున్నాను. నీకోసమే.

గోడ మీద వాడి ఫోటో చూసి ఏమడిగాడో తెలుసా. ఎలా పోయాడని అడగలేదు. ఎలా ఉండేవాడని అడిగాడు. ఈ రెండేళ్ళలో ఒక్కళ్ళు కూడా నన్నామాట అడగలేదు పిచ్చుకా. అందరూ పోయిన సంగతే అడుగుతారు. వాడు బతికున్న సంగతి ఎవరికీ అక్కర్లేదు. నేను చెబుతూ పోయాను. ఈలేసుకుంటూ మెట్లెక్కడం, చొక్కా తిరగేసి వేసుకుని ఆఫీసుకి పోవడం, అన్నీ. నవ్వుతూనే చెప్పాను. చివర చూసుకుంటే మొహమంతా తడిసి ఉంది. అతను ఆ కాస్సేపూ ఏమీ రాసుకోలేదు.

ఇక అసలు మాట. నీ మనసులో ఒకరున్నారని నాకు తెలిసిపోయింది. దాచకు. నా కొడుకు కోసం నేను ఏడుస్తాను, అది నా పని. నువ్వు కూడా అదే పని పెట్టుకుంటే ఇల్లెలా నడుస్తుంది? నీ వయసెంతని. భయం మాత్రం ఉంది, అబద్ధం ఎందుకు. నువ్వు కూడా వెళ్ళిపోతే వాణ్ణి తలుచుకోవడానికి నాకు ఇంకో మనిషి లేదు. కానీ భయమేస్తోందని నిన్ను కట్టేసుకుంటానా? నాకు కోపం లేదు. మనిషి మంచివాడు. ఆలస్యం చెయ్యకండి.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. చెంచా, గొడుగు, రైలు. అడగ్గానే గడగడా చెప్పేశాను. అతని మొహం వెలిగిపోయింది. నీకేమో సంసారం లేదంటావు.

*

అత్తయ్యకి,

మీ ఉత్తరం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ పూట రెండు పగిలిన సీసాలు నా కళ్ళ ముందే దాటిపోయాయి.

మీకెవరు చెప్పారు? ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ కాబట్టి ఎవరో ఒకరు మోసి ఉంటారు. నేనే ఎదురుగా కూర్చుని చెబుదామని ఆగాను. ఆగి ఆగి ఏడాదైంది. మీ మొహం చూసి ఆ మాట అనే ధైర్యం రాలేదు. మీకు కోపం లేదని చదివాక ఎంత ఏడ్చానో చెప్పలేను.

ఆయన నిజంగా మంచివారు. మాటలు తక్కువ. నలుగురిలో నోరు పెగలదు. చేతుల మీద కాలిన మచ్చలుంటాయి, చూసి జడుసుకోకండి. మీరు ఒప్పుకోనిదే అడుగు ముందుకు వెయ్యనని ఆయనా అన్నారు, నేనూ అన్నాను.

మీ పిచ్చుక

తా.క. నర్సుగారు చెప్పినవి మానకండి. ఇప్పుడు మరీ మానకండి.

*

పిచ్చుకా,

ఒప్పుకున్నావు. నా గుండెల మీద బండ దిగింది. ఇంకో చిన్న బండ ఎక్కింది గానీ అది వేరే సంగతి.

ఒకే ఫ్యాక్టరీ అని చదివి, మరి గురువారం గురువారం ఇక్కడెలా తేలుతున్నాడా అని ఆలోచనలో పడ్డాను. తర్వాత వెలిగింది. సెలవు పెట్టి రైలెక్కి వస్తున్నాడన్నమాట, నా కోసం. రైలు అని మొదటి రోజే చెప్పాడు, నా బుర్రకే ఎక్కలేదు.

మాటలు తక్కువన్నావు. నా దగ్గర మాత్రం వాగుతూనే ఉంటాడు. నీళ్ళు తాగండి, నడవండి, ఆ పాత మాత్రలు పారెయ్యండి, కళ్ళద్దాలు మార్చండి అని ఒకటే పోరు. నా మీద చనువు ఏర్పడిందని సంతోషించాను. కాలిన మచ్చల కోసం చేతులు తిప్పి తిప్పి చూశాను. ఒక్కటీ లేదు. "ఏంటమ్మా?" అన్నాడు. "మందు బాగా పనిచేసింది బాబూ" అన్నాను. ఏ మందు అని అడుగుతాడు, నంగనాచి.

మొన్న దర్జీ అన్నయ్యని పైకి పిలిపించాను, పెళ్ళి చొక్కాకి కొలతలు తీసుకోమని, తెలియనివ్వకుండా. అన్నయ్యకి తెలియనివ్వకుండా చెయ్యడం రాదు. వస్తూనే టేపు అబ్బాయి ఛాతీ చుట్టూ వేసేశాడు. ఆ అబ్బాయి ఏమనుకున్నాడో ఏమో, తన సంచిలోంచి ఇంకో టేపు తీసి అన్నయ్య పొట్ట చుట్టూ వేశాడు. ఒకళ్ళనొకళ్ళు కాసేపు కొలుచుకున్నారు. "మీకు నడుం దగ్గర చాలా పెరిగిందండీ, గుండెకి మంచిది కాదు" అని అతను. "మీకు భుజం దగ్గర వదులు పెట్టాలి" అని అన్నయ్య. ఇద్దరూ తలలూపుకుని కూర్చున్నారు. ఇప్పుడు అన్నయ్య కూడా నాతోపాటు సాయంత్రం నడకకి వస్తున్నాడు. వీధి చివర పార్కులో మాలాంటి వాళ్ళు ఇంకొందరు కలిశారు. గోడలతో మాట్లాడ్డానికి తీరిక ఉండటం లేదు.

ఆరోగ్య కేంద్రంలో ఆరా తీస్తే, అతను కేంద్రం వెనక వీధిలోనే, మూడో అంతస్తులో ఇల్లు కూడా తీసుకున్నాడట. పెళ్ళికి ముందే ఇల్లు చూసుకున్నాడంటే బాధ్యత తెలిసినవాడు. రేపు పళ్ళు తీసుకుని వెళ్తాను. పెద్దవాళ్ళెవరైనా ఉంటే మాట్లాడేస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. ఒంటికాలి మీద నిలబడమన్నాడు. నిలబడ్డాను. ఏ అత్తగారు నిలబడిందో చెప్పు.

*

పిచ్చుకా,

మనం మోసపోయాం.

మేడ మెట్లన్నీ ఎక్కి తలుపు కొడితే ఒక అమ్మాయి తీసింది. చేతులకి సబ్బు నురగ. వెనక ఇద్దరు పిల్లలు, వాడి మొహాలే ఇద్దరివీ. "నాన్నా, ఎవరో వచ్చారు" అని అరిచారు. నాన్నా అట. నాకు కళ్ళు తిరిగాయి. కాదులే, తిరగలేదు. ఈ మధ్య గుడ్లూ పాలూ తీసుకుంటున్నాను కదా.

వాడు బయటికొచ్చాడు. దొరికిపోయినవాడు మొహం దాచుకోవాలా వద్దా? వాడు నా చేతిలో కర్ర లేదని చూశాడు, నేను మెట్ల కమ్మీ పట్టుకోలేదని చూశాడు. "మూడంతస్తులూ మధ్యలో ఆగకుండా ఎక్కేశారా అమ్మా?" అని పెళ్ళాన్ని పిలిచి నన్ను చూపించాడు, ఏదో కప్పు గెలిచినట్టు. "సిగ్గులేదటరా?" అన్నాను. "ముందు కూర్చోండి" అని నా మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు. ఆ అమ్మాయి మంచినీళ్ళిచ్చింది. అమాయకురాలు. నా నోటితో దాని కాపురం ఎందుకు కూల్చాలని, నీళ్ళు తాగేసి వచ్చేశాను.

తిన్నగా కేంద్రానికి పోయి, ఆ మనిషి నా గుమ్మం తొక్కకూడదు, ఇంకో నర్సుని పంపండి అని చెప్పాను. సరేనన్నారు. ఎందుకని అడిగితే నీ పరువు కోసం నోరు మూసుకున్నాను.

నువ్వు ధైర్యంగా ఉండు. ఏడవకు. నేనున్నాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. పళ్ళు ఇవ్వదల్చుకోలేదు. ఆ పిల్లలు అప్పటికే కొరికేశారు. చిన్నది ముద్దుగా ఉంది, దాని తప్పేముంది.

*

అత్తయ్యా,

మీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. సీసాల మధ్య కూర్చుని నవ్వుతుంటే, పక్కావిడ నన్ను వైద్యశాలకి తీసుకెళ్తానంది. కాసేపటికి ఏడుస్తుంటే నిజంగానే తీసుకెళ్ళిపోయింది.

నర్సు నర్సే. ఆయనకి పెళ్ళై పిల్లలున్నారని నాకు మొదట్నుంచీ తెలుసు. ఆయన ఏ రైలూ ఎక్కలేదు, ఎవర్నీ మోసం చెయ్యలేదు. నేను చెప్పినాయన వేరు. ఇక్కడ మా ఫ్యాక్టరీలో గాజు కరిగించే కొలిమి దగ్గర పనిచేస్తారు. అందుకే ఆ మచ్చలు. మీరు ఆయన సంగతే కనిపెట్టేశారనుకుని నేను రాశాను. మీరు నర్సుగారిని మనసులో పెట్టుకుని రాశారు. ఇద్దరం ఇన్నాళ్ళూ ఇద్దరు మనుషుల్ని ఒకే మనిషనుకున్నాం.

ఇప్పుడు నా భయం ఏమిటంటే, మీరు కోపం లేదన్నది ఆ నర్సుగారి మీద. కొలిమి ఆయన్ని మీరు చూడనే లేదు. మీరు వద్దంటే ఇది ఇక్కడితో సరి. మీ అబ్బాయిని పోగొట్టుకున్నాను, మిమ్మల్ని కూడా పోగొట్టుకుని ఎక్కడికెళ్ళను? నర్సుని పెట్టించిందీ ఆ భయంతోనే.

ఆయన ఈ గురువారమే మీ దగ్గరికి వస్తున్నారు. నాకు సెలవు దొరకలేదు, ఒక్కణ్ణే వెళ్తానన్నారు. ఈ ఉత్తరం ఆయనకన్నా ముందు చేరితే బాగుండు.

మీ పిచ్చుక

తా.క. చేరకపోతే, దయచేసి దర్జీగారిని పిలవకండి.

*

పిచ్చుకా,

చేరలేదు.

గురువారం పొద్దున తలుపు తీస్తే సంచి పట్టుకుని ఒక మనిషి నిలబడ్డాడు. కేంద్రం వాళ్ళు కొత్త నర్సుని పంపారనుకున్నాను. నాకేం తెలుసు. మగ నర్సులుంటారని నువ్వే కదా నేర్పావు.

"ఆలస్యమైంది, రా నాయనా" అని కూర్చోబెట్టి, అతను నోరు తెరిచేలోపు నాలుక చూపించాను. "నేను నర్సుని కాదండీ" అన్నాడు. మొదటివాడు నర్సునంటే నమ్మక బోర్లా పడ్డాను, వీడు కాదంటే నమ్ముతానా? కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని లేవడం కూర్చోవడం మొదలుపెట్టాను. "లెక్కపెట్టవేం?" అంటే పాపం లెక్కపెట్టాడు. ఒంటికాలి మీద నిలబడితే, పడిపోతానేమోనని రెండు చేతులూ చాచి నా వెంట తిరిగాడు. మోకాళ్ళ నొప్పి నుంచి మలబద్ధకం దాకా నా ఒంట్లో ఉన్నవన్నీ విప్పి చెప్పాను. చెమటలు తుడుచుకుంటూ అన్నీ విన్నాడు. ఇదివరకటాయన బిగించిన కడ్డీ వదులైందంటే, వెళ్ళి గట్టిగా బిగించి వచ్చాడు. నర్సు పని కన్నా ఆ పనే బాగా వచ్చు.

వెళ్ళే ముందు నా కొడుకు ఫోటో దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు. "ఈయన రొట్టె అంచులు తినరట కదండీ. మీరు చూడకుండా కిటికీలోంచి పిట్టలకి వేసేవారట. మీరు తిన్నాడనుకునేవారట" అన్నాడు.

ఆ సంగతి నాకే తెలియదు పిచ్చుకా. చిన్నప్పుడు పళ్ళెంలో అంచులు వదిలేస్తే కొట్టేదాన్ని. ఇన్నేళ్ళూ మానేశాడనే అనుకున్నాను. వాడు నీకు చెప్పి ఉంటాడు. నువ్వు ఇతనికి చెప్పావు. నర్సుకి ఎలా తెలుస్తుంది? అప్పుడు చూశాను ఆ చేతులు.

"నువ్వెవరు నాయనా?" అన్నాను. "అదే చెబుదామని వచ్చానండీ, పొద్దుట్నుంచీ కుదర్లేదు" అన్నాడు. తల ఎత్తలేకపోయాను. అతనూ ఎత్తలేదు. తర్వాత ఎవరు ముందు నవ్వారో గుర్తులేదు. నీ ఉత్తరం అతను వెళ్ళాక వచ్చింది.

నీకు రాశాను కదా, భయం ఉందని. అది నువ్వు వెళ్ళిపోతావని కాదు, ఇప్పుడు తెలిసింది. వాడి పేరు ఎత్తకూడని ఇంటికి వెళ్తావేమోనని. ఇతని దగ్గర వాడి గురించి మాట్లాడుతున్నావు, ఇతను విని గుర్తుపెట్టుకున్నాడు. నాకు తెలియని నా కొడుకుని కాస్త తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంక నేనడగాల్సింది ఏముంది? చేసుకో. ఈ మాట కొలిమి అబ్బాయి గురించే రాస్తున్నాను, మళ్ళీ పొరపాటు పడకు.

నర్సు అబ్బాయి దగ్గరికి మళ్ళీ పళ్ళు పట్టుకెళ్ళి తప్పయిందని చెప్పాను. సంగతి విని వాళ్ళావిడ నేల మీద కూర్చుని నవ్వింది. వచ్చే వారం నుంచి అతనే వస్తాడు. నీ దగ్గరికి వచ్చి ఉండమన్నాడు కొలిమి అబ్బాయి. వస్తాలే, వచ్చి వెళ్తూ ఉంటాను. పార్కులో నా జట్టుంది. నేను లేకపోతే అన్నయ్య సగం దారిలో బెంచీ మీద కూర్చుండిపోతాడు.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. నువ్వు బాగా చిక్కిపోయావని, మధ్యాహ్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్తున్నావని కొలిమి అబ్బాయి చెప్పాడు. నాకేమో నర్సుని పెట్టావు. వేళకి కూర్చుని, కడుపునిండా తిను తల్లీ.